వంటింటి అలమారు: రంగా, కఱ్ఱ వన్నెయా?



నేడు నేను ముచ్చటింపబోవు విషయము చిన్నది. వంటింటికి చెక్క అలమారు చేయించునప్పుడు దానికి రంగు పూయించుట మేలా, లేక కఱ్ఱలోని రేఖలు కనబడునట్లు నూనెయో మెఱుగో పట్టించి విడుచుట మేలా యనునదే ఆ విషయము. దేశమున నింతకంటె పెద్ద చిక్కులు లేవా యని మీలో గొంద రనుకొనవచ్చును. ఉన్నవి. అయినను ఇల్లు కట్టువాడు తన జీవితమున నొక్కమారు కట్టును. వంటిల్లు దినమునకు మూడుమారులు పనిచేయును. అందు పెట్టిన సొమ్ము ధాన్యపు బస్తాలమ్మి తెచ్చినది. కొడుకునకు మేడ కట్టించుచు, పట్టణమునుండి వచ్చిన పనివాడు రంగుబొమ్మల పుస్తకము తెఱచి చూపగా, ఏమి చెప్పవలెనో తోచక తల యూపిన పెద్దలను నే నెఱుగుదును. నేనును అట్లు తల యూపినవాడనే.

మాది విజయవాడ వన్‌టౌను. ఇంద్రకీలాద్రికి చేరువగా, పాత బజారుల నడిమి సన్నని సందులలో మా తాతగారు కట్టించిన యిల్లొకటి కలదు. వీథివైపు అరుగు, దాని వెనుక నడవ, నడుమ చిన్న వాకిలి, అన్నిటికిని వెనుక వంటిల్లు. వెడల్పు తక్కువ, పొడ వెక్కువ. ఆ వంటింటి గోడలో నిలువెత్తు టేకు అలమారొకటి యున్నది. దాని కఱ్ఱ గోదావరివైపునుండి ఏలూరు కాలువలో పడవమీద వచ్చినదని తాతగారు చెప్పెడివారు. ఆ కాలువ గోదావరి కాలువలతో కలిసియుండుటచే వెనుకటి కాలమున సరకు లా దారినే బెజవాడ చేరుచుండెడివి గనుక, ఆ మాట నమ్మదగినదే. మా మేనత్త పెండ్లికి ఆ యలమారునకు ఆకుపచ్చ రంగు వేసిరి. నా పెండ్లికి నీలిరంగు వేసిరి. మా యబ్బాయి పెండ్లికి మీగడరంగు వేసితిమి. ఇప్పుడా మూడు రంగులును బందులయొద్ద పెచ్చులుగా లేచి, ఒకదాని క్రిందనుండి మఱొకటి తొంగిచూచుచున్నవి.

ఇల్లు బాగుచేయ సంకల్పించినప్పుడు మాలో మాకు మాట కుదరలేదు. రంగంతయు గీకివేసి టేకును బయటపెట్టవలెనని మా యబ్బాయి పట్టు. నేనును వానివైపే యుంటిని; తాతగారి కఱ్ఱను మరల జూడవలెనని నాకు ముచ్చట. మా కోడలుమాత్రము, “మామయ్యగారూ, పట్టపగలు దీపము పెట్టుకొని వండుచున్నదానను. తెల్లరంగు వేయించిన నాకు వెలుతురైన వచ్చును” అనెను. ఆమె మాటను అప్పుడు నేను చెవిని బెట్టలేదు. తరువాత పెట్టవలసివచ్చినది.

వడ్రంగిపని చేయు ఆచారిగారిని పిలిపించితిమి. ఆయన మా తగవంతయు విని, “రంగుమాట పిమ్మట చూతము బాబుగారూ, ముందు కఱ్ఱ యెట్టిదో చూడనిండు” అని, తలుపు నూడదీసి, లోపలి వైపున, ఎవరికిని కనబడని మూల రూపాయికాసంత మేర చిత్రిక పట్టెను. తేనెవన్నె కఱ్ఱ తేలినది. దానితోపాటు పచ్చితోలు వాసనవంటి టేకు వాసన వచ్చినది. అంతయేండ్లు మూడు రంగుల క్రింద నుండియు ఆ వాసన పోలేదు. అప్పుడాయన చెప్పిన మాటలును, పిమ్మట నేను విచారించి తెలిసికొన్న సంగతులును మీకు మనవి చేసెదను.

మా విజయవాడకు ఇరువది కిలోమీటర్ల దాపున కొండపల్లి యున్నది. అచటి బొమ్మల నెఱుగనివారు మనలో లేరు. వానికి రంగు లేకున్న బొమ్మయే లేదు. ఏల? ఆ బొమ్మలు చేయునది తెల్లపొణికి కఱ్ఱతో. అది దూదివలె తేలిక, మెత్తన. ఉలికి లొంగును, కాని దానికి చెప్పుకోదగిన రేఖ లేదు, వన్నె లేదు, చేవ లేదు. ముక్కలను చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన ముద్దతో నతికి, సుద్ద పూసి, ఆపైన రంగు దిద్దుదురు. ఆ రంగు సింగారము మాత్రమే కాదు. అతుకులను కప్పును, మెత్తని కఱ్ఱకు తొడుగగును. అదే విజయవాడకు ఈశాన్యముగా నున్న నూజివీడులో వీణలు చేయుదురు. వీణకు పనసకఱ్ఱ. పసుపువన్నెతో మొదలై యేండ్లు గడచినకొలది ఎఱ్ఱనై ముదురును. దానిమీద రంగు పూసిన వీణ నెచటనైన జూచితిరా? కొండపల్లివాడు తెలివితక్కువవాడును గాడు, నూజివీటివాడు డాంబికుడును గాడు. కఱ్ఱ యేదో చూచి ఎవరి పని వారు చేసిరి.

కనుక మన యలమారునకును మొదటి ప్రశ్న అదే. టేకు చేవ, పనస, జిట్రేగి మొదలగు వానికి రంగు పూయుట కూడని పని కాదు గాని, సొమ్ముపెట్టి కొన్నదానిని కప్పిపెట్టుట యగును. టేకులో సహజముగనే నూనె యున్నది. చెదలు దాని చేవను ముట్టుట అరుదు. అయితే చేవ యనుమాట మఱువకుడు. దుంగ అంచున పాలిపోయినట్లుండు తెల్లభాగమును చెదలు సుఖముగ దినును. రంగు వేసి యమ్ము అలమారులలో ఈ తెల్లభాగమే తఱచు పోవుచుండును. పుట్టీ పెట్టి, పైన రంగు దిద్దిన పిమ్మట నది టేకో మామిడియో చెప్ప నెవరి తరము? రంగుతోగూడ సిద్ధముగానున్న సామాను కొనువారు, తలుపు వెనుకయో అర క్రిందనో రంగు లేని చోటు చూపుమని యడుగవలెను. చూపనన్నచో ఆ బేరము నాకు వలదు.

మామిడి, రబ్బరుకఱ్ఱ మొదలగు మెత్తని కఱ్ఱలకు రంగే తగినది. వేప నడుమదారిది. చేదు గల కఱ్ఱ గనుక పురుగు త్వరగా పట్టదు, రేఖయు నింపుగనే యుండును. కాని బాగుగా నార్పనిచో మెలి తిరుగును. మన పల్లెలలో ఇంటి వేపచెట్టు కొట్టించి, నెల తిరుగకుండ తలుపులు చేయించి, వానకాలము రాగానే అవి మూతపడక, రంగు వేసినవానిని తిట్టువారు కలరు. తప్పు రంగుది కాదు, తడిది. కోసిన బద్దలను నీడలో, నడుమ పుల్లలు పెట్టి పేర్చి, గాలి యాడనిచ్చి నెలలకొలది యార్పవలెను. కఱ్ఱలో తడి నూటికి 12 పాళ్ళ ప్రాంతమునకు దిగినగాని అలమారు పనికి పూనరాదు.

ఆరిన కఱ్ఱయైనను కదలక మానదు. మన కృష్ణాతీరమున వేసవి గాడ్పులకు కుంచించును, వానకాలపు చెమ్మకు ఉబ్బును. ఏటేట ఈ ఊపిరి సాగుచునే యుండును. అందుచేతనే మంచి వడ్రంగి తలుపు చట్రములో పలకను జిగురుపెట్టి బిగింపక, గాడిలో వదలుగా నుంచును. కఱ్ఱను కఱ్ఱగా నుంచినచో ఈ కదలిక మనకు కనబడదు. రంగు వేసినచో, చట్రమునకును పలకకును నడుమ వెండ్రుకవంటి పగులు వచ్చును. అది చూచి భయపడనక్కఱలేదు. కాని తడిచేతులు తగులు చోట ఆ పగులులోనికి నీరు దిగును, దిగిన నీరు రంగుపొర క్రింద నిలిచి బయటికి రాజాలదు. మా యలమారునకు బందులయొద్దనే పెచ్చు లూడుటకు కారణమిదే యని ఆచారిగారు మేకుతో గ్రుచ్చి చూపిరి. అచట అంగుళముమేర కఱ్ఱ మెత్తబడియున్నది.

ఇక వంటిల్లు. కట్టెలపొయ్యి కాలమున వంటింట చెక్కసామాను పెట్టుట తక్కువ. ఉట్టి, గోడగూళ్ళు, మట్టిచాళ్ళు, ఇవే. ఉన్న కఱ్ఱ యంతయు పొగచూరి నల్లబడెడిది. పొగ పట్టిన కఱ్ఱకు పుచ్చు రాదని పెద్ద లనెడివారు. వంటగ్యాసు వచ్చిన పిమ్మట పొగ పోయినది, జిడ్డు మిగిలినది. పోపు చిటపటలు, ఆవకాయజాడీ నూనె, అన్నము గంజి, ఆవిరి, అన్నిటికంటె పసుపు. తెల్లరంగుమీద పసుపు పడిన చూడవలెను! సబ్బుపెట్టి రుద్దగానే అది ఎఱ్ఱనగును; పనిమనిషిని కోపపడుటయేగాని, పసుపునకు సబ్బులోని క్షారము తగిలిన ఎఱ్ఱవారుట దాని స్వభావము. రుద్దుట మాని, ఎండ తగులనిచ్చినచో మరక తనంత తానే వెలిసిపోవును. కాని గోడ కదుకుకొన్న అలమారు నెండలో నెట్లు పెట్టుదుము? తేనెవన్నె కఱ్ఱమీద ఈ మరక కనబడనే కనబడదు. ఆ మాట నిజమే గాని, కనబడనిది లేదనుకొనరాదు. కనబడని జిడ్డు బొద్దింకలకు విందు. తెల్లరంగు పరువు తీయును, ఆ పరువుభయముచేతనైన దానిని తుడుతుము.

కఱ్ఱ వన్నె నుంచువారు దానిపై నేమి పట్టింతురనుట ముఖ్యము. ఇచట నేనొక నష్టము పడితిని. కొన్నియేండ్ల క్రిందట పొయ్యిప్రక్క నొక చిన్న టేకుబల్ల చేయించి, మెఱుగుపనివాడొకడు చెప్పగా లక్కమెఱుగు పట్టించితిని. లక్కను స్పిరిటులో కరగించి గుడ్డతో మరల మరల పామెదరే, అది. అద్దమువలె మెఱసినది. పదియవనాడు మా యింటివారు వేడి గిన్నె దానిపై దింపగా తెల్లని వలయ మేర్పడినది. ఆ వలయమును పోగొట్ట చాకలిసోడా నీటితో కడుగగా మెఱుగంతయు జిగటయై లేచినది. లక్కమెఱుగు చావడిలోని కుర్చీకి తగినది. వేడికిని క్షారమునకును ఓర్వలేదు. వంటింటికి అవిసెనూనె గాని, నీటి నాపు వార్నీషుగాని, ఇప్పుడు దొరకు పాలియురేథేను పూతగాని వలెను. ఇందు పాలియురేథేను గట్టిది; కాని గీటుపడినచో మొత్తము తలుపు మరల గీకవలెను. అవిసెనూనె అంత గట్టిది కాదు, ఏటేట నొకమారు పట్టించవలెను, మొదటి వారము వాసన యుండును. అయినను గీటుపడిన చోట గరుకుకాగితముతో రుద్ది, నాలుగుచుక్కల నూనె యద్దిన చాలును. ఇంటివారే చేసికొనగల పని గనుక నాకు నూనెయే ప్రీతి. తుడుచుటకు పలుచని కుంకుడురసము చాలును.

ఒక్క హెచ్చరిక. అవిసెనూనె తడిసిన గుడ్డలను ముద్దచుట్టి మూల పడవేయకుడు. ఆ నూనె గాలితో కలిసి ఆరునప్పుడు వేడి పుట్టును. ముద్దలో ఆ వేడి చిక్కుకొని గుడ్డ తనంత తానే అంటుకొనును. వానిని విప్పి, దండెముమీద ఒంటిపొరగా నారవేయవలెను, లేదా నీటిలో ముంచి యుంచవలెను.

చెదలను రంగు ఆపునని కొంద రనుకొందురు. ఆపదు. చెదలు వచ్చునది ముందునుండి కాదు, గోడవైపునుండి, నేలవైపునుండి. ఆ వైపులకు రంగు వేయువారెవరు? పూర్వము అలమారు కాళ్ళక్రింద నీటిగిన్నెలు పెట్టెడివారు, చీమలకొఱకు. ఆ నీటిలో నానుచున్న కాలి అడుగున పూత లేనిచో అది చెమ్మను వత్తివలె పైకి పీల్చును. నా బుద్ధికి తోచినదేమనగా, కంటికి కనబడు తలుపునకు రంగు లేకున్న ముప్పులేదు. కంటికి కనబడని కాలి అడుగునకు, వెనుకపలకకు, కోతపడిన అంచులకు పూత లేకున్న ముప్పు. పనివాడు సరిగ్గా దీనికి విరుద్ధముగా చేయును; దగ్గఱ నిలువబడి చేయించుకొనవలెను.

ఇప్పుడు అచ్చపు కఱ్ఱతో చేయించువారు తగ్గిరి. ప్లైవుడ్డు, రంపపుపొట్టును జిగురుతో నొత్తిన పలకలు, వానిపై సన్మైకా లేక రంగు, ఇవియే వాడుక. చౌక యగుటచే నేను వానిని తప్పుపట్టను. కాని 2024 సెప్టెంబరు మొదటి దినములు మఱవలేము. బుడమేరు పొంగి సింగునగరు మొదలగు ప్రాంతములు దినములతరబడి నీట నిలిచినవి. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజియొద్ద కృష్ణకు 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. నీరు తీసిన పిమ్మట అచటి మా బంధువుల యింటికి పోయితిని. వంటింట క్రొత్తగా పెట్టించిన తెల్లని అలమారులు అంతకుముందు చూచి మెచ్చుకొన్నవే. పైన రంగు చెక్కు చెదరలేదు. క్రింద అడుగు మేర పలకలు నానిన అటుకులవలె ఉబ్బి, వ్రేలితో నొక్కిన ముక్కలై రాలినవి. కోతపడిన అంచునుండి నీరు లోపలికి పోయినది. ఆ యింటి ముసలమ్మగారి టేకు పీటయు అదే నీటిలో తేలినది. కడిగి నీడలో నారవేసిరి, నెలకు మరల కూర్చుండుటకు పనికివచ్చినది. అందుచేత పల్లపు చోట నిల్లుగలవారు, కాలువగట్టున నుండువారు, క్రింది అరలకైనను పొట్టుపలక వాడకుందురుగాక. ప్లైవుడ్డు కొనునప్పుడు దానిమీది ముద్ర చదువుడు: ఐ.యస్. 710 అనునది నీటి కోర్చు మెరైను ప్లైవుడ్డునకు, ఐ.యస్. 303 అనునది సాధారణపు వాడుక ప్లైవుడ్డునకు. కడిగెడి తొట్టిక్రింద నేదియు వలదు. రాతిపలక పెట్టి వదలివేయుట మేలు.

గ్రామములలోని పెద్దలతో నొకమాట వేఱుగ చెప్పవలెను. మీరు మండువా లోగిళ్ళు విప్పించి మేడలు కట్టించుచున్నారు. ఆ ద్వారబంధములు, దూలములు బేరగాడు బండి కెత్తుకొని పోవుచున్నాడు. అందు తాటిదూలము అలమారునకు పనికిరాదు, పీచులు లేచును. టేకుదైనచో అమ్మకుడు. ఏబది అరువది యేండ్లు మీ కప్పుక్రింద నారిన కఱ్ఱ అది; అట్టి యారిన కఱ్ఱ బజారులో కొనవలెనన్న సులభము కాదు. కోయించునప్పుడు పాతమేకు లన్నియు తీయించుడు, లేనిచో రంపము పోవును. క్రొత్తమరలు ఇత్తడివి వేయించుడు. తడి తగిలిన యినుము టేకుమీద నల్లమరక విడుచును.

ఇక మా యింటికి వత్తును. రంగు గీకించుటకు ముహూర్తము పెట్టుకొన్న పిమ్మట మా యబ్బాయి యొక సంగతి తెలిసికొని వచ్చెను. పాతకాలపు నూనెరంగులలో సీసము కలిపెడివారు. ఇంటిరంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించరాదని మన దేశమున 2016లో నియమము చేసిరి. అది 2017 నవంబరు 1 నుండి అమలునకు వచ్చినది. అంతకు ముందటి రంగులలో నెంత యున్నదో కన్నుతో జూచి చెప్పజాలము. అంటుకొనియున్నంతవఱకు దానివలన కీడు తక్కువ. పొడిగా గీకినను, మంటతో కాల్చినను ఆ ధూళి ఇల్లంతయు పఱచుకొనును. సీసము పసిపిల్లల మెదడును చెఱచును. కొంచెమైనను మంచిది కాదు. మా మనుమరాలికి పదునొకండు నెలలు. నేలమీద దొరకిన ప్రతిదియు నోట పెట్టుకొనును. నిరుడు బందులక్రింద రాలిన ఆకుపచ్చ పెచ్చులను నేనే చీపురుతో నూడ్చితిని, అప్పుడు నాకేమియు తోచలేదు.

ఇది విన్న పిమ్మట తాతగారి కఱ్ఱను చూడవలెనను నా ముచ్చట సగము చల్లారినది. అప్పుడే మా కోడలి మాటయు జ్ఞప్తికి వచ్చినది. ఆమె వంట చేయుచుండగా మిట్టమధ్యాహ్నమున ఆ వంటింట పావుగంట నిలిచి చూచితిని. వాకిటినుండి వచ్చు వెలుతురు పొయ్యిదాక రాదు. బియ్యములో రాయి నాకు కనబడలేదు. వన్‌టౌను ఇండ్లలో వెలుతురు కొనితెచ్చుకొనవలసినదే. ముదురువన్నె కఱ్ఱ దానిని త్రాగివేయును, తెల్లరంగు తిరిగి యిచ్చును. ఇదివఱకు నేను కఱ్ఱ గుణములే లెక్కించితినిగాని, వండు మనిషి కన్నులను లెక్కించలేదు.

చివరకు కుదిరినది యిట్లు. గోడలో నున్న చట్రమును గీకించలేదు. కోడలిని, పాపను పుట్టింటికి పంపి, లేచిన పెచ్చులను మాత్రము తడిపి, తడిగనే తీసి, కాగితములో పొట్లముకట్టి, నేల తడిగుడ్డతో నాలుగుమారులు తుడిచి, మెత్తబడిన అంగుళము కఱ్ఱ మార్పించి, చట్రమునకు తెల్లని క్రొత్తరంగు వేయించితిమి. అరలకు మొదటినుండియు రంగు లేదు, ఇప్పుడును లేదు. తలుపులు రెండును ఊరిబయట ఆచారిగారి పాకకు పోయినవి. ఆయన యింట పిల్లలున్నారు గనుక అచటను తడిపియే తీయవలెననియు, ముక్కునకు ముసుగు కట్టుకొనవలెననియు, ఆ బట్టలతో ఇంటికి పోరాదనియు చెప్పి ఒప్పించితిని. దానికై రెండు దినముల కూలి యెక్కువ యడిగెను, ఇచ్చితిని. పైతలుపు కఱ్ఱవన్నెతో నుండును. పొయ్యికి ఎదురుగానున్న క్రిందితలుపునకు తెల్లరంగు. రెండు తలుపులు రెండు రీతులుగా నుండుట చూచువారికి వింతగా నుండవచ్చును. మా వంటింటిలోనికి చూచువారు వచ్చుట అరుదు.

పైతలుపునకు అవిసెనూనె రెండుమారులు పట్టించిరి. మూడవమారు ఆదివారమునాడు. అది యారిన పిమ్మట బిగింతురు; పాప ఆ తరువాతనే వచ్చును.